చక్రం కింద పేరు

బావ మొహం చూస్తే స్వర్ణకు ఒళ్లు మండుతుంది. అది ఇవాళ్టి మంట కాదు. అక్క శాంతిప్రియను పెళ్లి చేసుకున్నాక శ్యామ్‌ప్రసాద్ స్వర్ణకు ఒకే ఒక్క ఉపకారం చేశాడు. జగదల్‌పూర్‌లో తాను ప్రోగ్రాముల పెద్దగా వెలగబెడుతున్న కేబుల్ చానల్లో గ్రాఫిక్స్ ఉద్యోగం ఇప్పించాడు. ఆ సంగతి ఎత్తకుండా అతనికి వారం గడవదు. స్టూడియోకు కొత్తవాళ్లెవరొచ్చినా, "మా మరదలు. నేనే తెచ్చి కూచోబెట్టేను" అంటాడు, అదేదో సంతలో కొన్న కుండను తెచ్చి మూల పెట్టినట్టు.

పనంతా ఆమెది. వార్తల ముందు గిర్రున తిరిగే భూగోళం ఆమెది, ఎన్నికల రోజున పైకి లేచే రంగు కడ్డీలు ఆమెవి, శ్రద్ధాంజలి ప్రకటనల్లో పోయినవాళ్ల ఫొటోల మీద రాలే పూలు కూడా ఆమెవే. పేరు మాత్రం అతనిది. "దర్శకత్వం, గ్రాఫిక్స్: శ్యామ్‌ప్రసాద్" అని హిందీలో పడుతుంది. పై అంతస్తులో కూర్చునే యజమాని సేఠ్‌జీకి స్వర్ణ అనే మనిషి ఒకతి ఉందని తెలుసో లేదో. మెట్ల మీద ఎదురైతే తల ఊపుతాడు. తనను ఫోన్లెత్తే పిల్ల అనుకుంటున్నాడని ఆమె అనుమానం.

అందుకే ఈ ఏడు దసరాకు ఆమె మొండికేసింది.

"రథం టైటిల్ నేను చేస్తాను. కింద నా పేరు పడాల. పడదంటే ఇప్పుడే చెప్పీ, నేను ముట్టుకోను."

"ముట్టుకోకపోతే మానీ. రాయ్‌పూర్‌లో బోల్డుమంది ఉన్నారు" అన్నాడు శ్యామ్‌ప్రసాద్.

"రప్పించు. నీ నోటికి వాళ్లు ఒక్క పూట ఆగితే చాలు."

అతను కాసేపు గోడ గడియారం వైపు చూసి, "చూద్దాంలే" అన్నాడు. అతని నోట్లో ఆ మాటకు లేదనే అర్థం. అది తెలిసీ స్వర్ణ అవుననే తీసుకుంది, ఎందుకంటే ఆ రథం ఆమెకు కావాలి.

బస్తర్ దసరాలో రావణుడు కాలడు. ఇక్కడ అమ్మవారు దంతేశ్వరీ మాయి ఛత్రం రథమెక్కి ఊరేగుతుంది. అడవి నుంచి తెచ్చిన దుంగలతో ఏడాది విడిచి ఏడాది కొత్తగా కట్టే ఎనిమిది చక్రాల రథం అది. విజయదశమి రాత్రి మారియా తెగ ఊళ్లవాళ్లు దాన్ని దొంగిలించి కుమ్డాకోట్ అనే చోటికి లాక్కుపోతారు. మర్నాడు రాజుగారి కుటుంబం అక్కడికి వెళ్లి, కొత్త బియ్యపన్నం తిని, రథాన్ని మర్యాదగా వెనక్కి తెచ్చుకుంటుంది. దొంగతనమూ పండగే, తిరిగివ్వడమూ పండగే. రథం తిరిగొచ్చే ఆ రోజు చానల్ ప్రత్యక్ష ప్రసారం చేస్తుంది. మిగతా రోజుల్లో ఎవరు చూసినా చూడకపోయినా ఆ రోజు మాత్రం ఊరంతా టీవీల ముందే ఉంటుంది.

వడ్రంగులు రథం కడుతున్న చోటికి స్వర్ణ వెళ్లి, చక్రం పక్కనే చెక్కపేళ్ల మీద చతికిలబడి ఫొటోలు తీసింది. బాడిశె దెబ్బలు, ఇనుప చీలలు, పచ్చి చెక్క ఎండుతూ వేసిన పగుళ్లు, అన్నీ కంప్యూటర్లోకి దించింది. ఎర్ర దుమ్ములోంచి చక్రం ఒకటి దొర్లుకుంటూ వచ్చి తెరంతా నిండుతుంది, దాని కింద పేర్లు పడతాయి. చక్రం ఒక్క చుట్టు తిరిగితే చాలు, చెక్క మీద చెక్క ఒరుసుకుంటున్న బరువు తెలిసేది. ఇంత మంచి పని తను ఇంతకుముందు చెయ్యలేదని ఆమెకు తెలుసు. గర్వపడింది, ఆ గర్వాన్ని దాచుకోనూ లేదు.

ఇక్కడొక చిక్కుంది. చానల్ ఇప్పటికీ పాతకాలం సిగ్నలే పంపుతుంది. టీవీ బొమ్మంటే చుక్కల వరసలు కదా. కంప్యూటర్ తెర మీద చుక్క నిలువెంతో అడ్డం అంతే. అదే చుక్క ఊళ్లోని వెడల్పాటి టీవీలకు చేరేసరికి అడ్డంగా సాగుతుంది, ఉతికి ఉతికి సాగిన బనియన్ మాదిరి. అందుకని ఆ సాగుడు ముందే లెక్కేసి బొమ్మను సన్నగా తీయాలి. కంప్యూటర్లో చక్రం నిలబెట్టిన గుడ్డులా ఉంటేనే ఇళ్లలో గుండ్రంగా కనబడుతుంది. దానికి చక్రాన్ని నొక్కనక్కర్లేదు. తను చేసిన చక్రం గుండ్రంగానే ఉంటుంది. బొమ్మను బయటికి తీసే రెండరింగ్ సెట్టింగులో, టీవీ చుక్క ఇంత వెడల్పు ఉంటుందని ఒక్క అంకె చెబితే చాలు.

శ్యామ్‌ప్రసాద్‌కు ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. మరదలి నోటి నుంచి ఎక్కించుకోవడం అతనికి నామోషీ. ఆ రోజు ఆమె భుజం మీదుగా తొంగిచూసి, "ఇదేటిది? రథచక్రం చెయ్యమంటే కోడిగుడ్డు పెట్టేవు" అన్నాడు.

"కంప్యూటర్లో ఇలాగే ఉంటాది. టీవీకి కలిపి చూడు, గుండ్రంగా వస్తాది."

"కలిపి చూడ్డమేటి? నా కళ్లు బాగానే ఉన్నాయి. నువ్వు మౌసు పట్టకముందు నుంచి ఈ లైన్లో ఉన్నాను నేను."

"ఉన్నావు. ఉండి ఏటి నేర్చుకున్నావు? మిద్దెల మీంచి వైర్లు లాగడం."

పక్క బల్ల దగ్గర మాడ తన మిషను వెనక తల దించుకున్నాడు. మాడ నడివయసు గోండు మనిషి. బొమ్మ గాల్లోకి వెళ్లేటప్పుడు దాని మీద పేర్లూ క్యాప్షన్లూ ఎక్కించడం అతని పని. తెలుగు రాకపోయినా ఆ గదిలో ఏం జరుగుతోందో అతనికి తెలుస్తూనే ఉంది.

శ్యామ్‌ప్రసాద్ చెవులు ఎర్రబడ్డాయి. "పేరు వెయ్యననుకుని కావాలనే చెడగొడతన్నావు. నాకు తెలీదేటి నీ సంగతి? లే అక్కణ్ణుంచి."

ఆమెను రథం మీంచి దింపి, చీరల దుకాణాల దసరా ఆఫర్ల మీద పడేశాడు. ఫైలు తన కంప్యూటర్లోకి మార్చుకున్నాడు. స్వర్ణ మౌసును బల్లకేసి కొట్టి లేచింది. పండగలో దొంగలు లాక్కుపోయిన రథమైతే మర్నాటికి తిరిగొస్తుంది. ఈ దొంగ చేతిలో పడింది మళ్లీ రాదని ఆమెకు గట్టి నమ్మకం.

ఆ సాయంత్రమే అక్క ఇంటికి వెళ్లి తగువేసుకుంది.

"మీ ఆయన నా రథం ఎత్తుకుపోయేడు. నువ్వు ఇలాగే నోరు మూసుక్కూచో, బావుంటాది."

శాంతిప్రియ బియ్యం కడుగుతూ, "మీ ఇద్దరి మధ్యలోకీ నన్ను లాగకే" అంది.

"నువ్వెప్పుడు వచ్చేవు గనక మధ్యలోకి? నాకు ఉద్యోగం ఇప్పించినందుకు నువ్వూ మురిసిపోతన్నావు. నేను చేసిందంతా ఆయన పేరు మీద పోతంటే ఒక్కనాడు అడిగేవా?"

"కూచో. అన్నం తిని ఎల్లు. తర్వాత మాట్లాడదాం."

"మీ ఇంటన్నం నాకొద్దు."

శాంతిప్రియ చేతులు బియ్యంలో అలాగే ఆగిపోయాయి. స్వర్ణ గేటు కూడా వెయ్యకుండా వచ్చేసింది. ఆటోలో కూర్చున్నాక కాస్త ఎక్కువ మాట అన్నానేమో అనిపించింది గానీ, వెనక్కి వెళ్లి ఆ మాట తీసుకునే రకం కాదు ఆమె.

ఇంటి దగ్గర ఇంకో తలనొప్పి. స్టేషను పక్క రైల్వే కాలనీలో తల్లి కన్నమ్మ అప్పటికే చాటింపు వేసేసింది. కిరండూల్ లైన్లో గాంగ్‌మన్ పెళ్లాంగా బతుకంతా క్వార్టర్ల నుంచి క్వార్టర్లకు తిరిగిన మనిషి. కూతురి పేరు టీవీలో పడడమంటే ఆమెకు మాటలు కాదు. "మా చిన్నది రథం చేసినాది. టీవీలో పేరు పడతాది, అందరూ మా ఇంటికొచ్చీండి" అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పింది. పేరు పడదని చెప్పడానికి స్వర్ణకు నోరు రాలేదు.

విజయదశమి ముందు రోజు శ్యామ్‌ప్రసాద్ లేనప్పుడు ఆమె అతని కంప్యూటర్లో ఫైలు తెరిచింది. చూసి బిత్తరపోయింది. కోడిగుడ్డును బాగు చేద్దామని అతను చక్రాన్నే పట్టుకుని అడ్డంగా లాగాడు. సెట్టింగు జోలికి పోలేదు. అలాంటిదొకటి ఉందనే అతనికి తెలియదు. కంప్యూటర్ తెర మీద ఇప్పుడు చక్రం చక్కగా గుండ్రంగా ఉంది. ఆ ఒక్క బొమ్మను వాట్సాప్‌లో పంపితే సేఠ్‌జీ "బఢియా" అని మెచ్చుకున్నాడు కూడా.

టీవీలో అది ఇంకా సాగి ఉబ్బిపోతుంది. అదొక్కటే అయితే ఎవరూ పట్టించుకోరు. ఈ ఊరి టీవీల్లో మనుషులందరూ కొంచెం లావుగానే ఉంటారు. అసలు ముప్పు వేరే ఉంది. లాగిన లాగుడికి చక్రం నిజంగానే కోడిగుడ్డు అయిపోయింది. కదలకుండా ఉన్నంతసేపూ బండారం బయటపడదు. దొర్లిందంటే మాత్రం పడుకున్న గుడ్డు లేచి నిలబడుతుంది, మళ్లీ పడుకుంటుంది. రథం నేలలో దిగబడుతూ లేస్తూ కుంటుతుంది, అదీ మాయి రథం, ఊరంతా చూస్తుండగా.

చెప్పేద్దామనే అనుకుంది ముందు. ఫోన్ చేతిలోకి తీసుకుంది కూడా. అప్పుడు మాడ మిషను తెర మీద, ఎల్లుండి ప్రసారానికి సిద్ధంగా పెట్టిన పేర్లు కంటబడ్డాయి. దర్శకత్వం, గ్రాఫిక్స్: శ్యామ్‌ప్రసాద్. ఆమె ఫోన్ సంచిలో పడేసింది. తను ముందే సరైన లెక్కతో తీసి దాచుకున్న టైటిల్‌ను చిన్న డిస్కులోకి ఎక్కించి అదీ సంచిలో వేసుకుంది. పోనీ, బావ పరువు నలుగురిలో పోనీ. పోయాక, సేఠ్‌జీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నప్పుడు, తాపీగా డిస్కు తీసి బల్ల మీద పెట్టాలి. అప్పుడు తెలుస్తుంది ఇన్నాళ్లూ ఎవరి పని ఎవరి పేరు మీద నడిచిందో. చాలా రోజుల తర్వాత ఆ పూట ఆమెకు బాగా ఆకలేసింది.

రథం తిరిగొచ్చే రోజు పొద్దుటి నుంచీ కరెంటు వస్తూ పోతూ ఉంది. శ్యామ్‌ప్రసాద్ పెట్టి వెళ్లిన రెండరింగ్ నత్తనడక నడిచి, ప్రసారానికి కాస్త ముందు పూర్తయింది. అతను అప్పటికే కుమ్డాకోట్‌లో కెమెరాల దగ్గర ఉన్నాడు. అక్కణ్ణుంచి ఫోన్ చేశాడు. వెనక నగారాల మోత, జనం కేకలు.

"రెండర్ అయిందా?"

"అయింది."

"మొదట్నుంచీ చివరిదాకా ఆడించి చూసేవా? నాకిక్కడ కుదరదు. నువ్వే చెప్పాల. నిజంగా చెప్పు, ఎలాగుంది?"

స్వర్ణ అప్పటికే చూసేసింది. చక్రం దుమ్ములోంచి వచ్చి, పడుకుని, లేచి, మళ్లీ పడుకుని, తాగినవాడిలా తెర దాటింది. సంచిలో సరైనది ఉంది. మాడకు ఇచ్చి మార్పించడానికి ఇంకా వ్యవధి కూడా ఉంది.

"చూసేను బావా" అంది. "బాగుంది."

ఆమె అతనితో అంత మెత్తగా మాట్లాడి ఏళ్లయింది.

"సరే అయితే. టైటిల్ మధ్యలో ఆపొద్దని మాడకి చెప్పేను. నువ్వు ఎక్కడికీ ఎల్లకు, తెర చూస్తా ఉండు" అన్నాడు శ్యామ్‌ప్రసాద్. గొంతులో ఎప్పుడూ ఉండే కరుకు లేదు. ఆమె దాన్ని లెక్కచెయ్యలేదు. చూడకుండా ఎక్కడికి పోతాను నాయనా అనుకుంది.

ప్రసారం మొదలయ్యే వేళకు స్వర్ణ గదిలోని పెద్ద టీవీ ముందు చేతులు కట్టుకుని నిలబడింది. శంఖం మోగింది. ఎర్ర దుమ్ము లేచింది. చక్రం వచ్చింది, సగం చుట్టు తిరగకుండానే పొట్ట వేలాడేసుకుని పడింది, లేచింది, మళ్లీ పడింది. మాడ "అరే!" అని నోరు తెరిచాడు. స్వర్ణ పెదవి కొరికి నవ్వు ఆపుకుంది. చక్రం కింద పేరు మెల్లగా తేలింది.

పైన హిందీలో, కింద తెలుగులో. గ్రాఫిక్స్: స్వర్ణ.

ముందు ఆమెకు అర్థం కాలేదు. ఎవరో పరాయి మనిషి పేరును చదివినట్టు చదివింది. ఆ తర్వాత ఒక్క ఉదుటున మాడ బల్ల దగ్గరికి పరిగెత్తింది.

"ఆపు! ఆపీ మాడా!" అని తెలుగులో అరిచి, మళ్లీ హిందీలో అరిచింది.

మాడ మిషను మీంచి చేతులు తీసేశాడు. "మధ్యలో ఆపొద్దని సార్ గట్టిగా చెప్పారు" అన్నాడు హిందీలో. "పొద్దున్నే వచ్చి పేరు మార్చింది కూడా సారే. మీరు వెళ్లి పోట్లాడిన రోజు నుంచి ఇంట్లో మేడమ్ ఆయనకు అన్నం పెట్టడం లేదట. స్వర్ణ పేరు పడిన రోజే ఈ ఇంట్లో నీకు కంచం అన్నారట. మన మిషన్లో తెలుగు అక్షరాలు లేవుగా, నిన్నంతా తిరిగి ఎక్కడి నుంచో సంపాదించుకొచ్చారు. మీకు ముందే చెబితే ఊరుకోనన్నారు. తెర మీదే చూడాలట."

మీ ఇంటన్నం నాకొద్దని తను విసిరికొట్టిన మాటను అక్క తీసుకెళ్లి మొగుడి కంచంలో పెట్టింది. రథం ఎత్తుకుపోయిన దొంగ రథాన్ని తెచ్చి ఇచ్చేశాడు. అది కుంటుతోందని తెలిసీ, బాగుందని చెప్పి ఊరేగించింది మాత్రం తనే.

కాసేపటి టైటిలే అది. ఆమెకు ఎంతకీ అయిపోయేలా కనబడలేదు. చక్రం దిగబడిన ప్రతిసారీ దాని కింద తన పేరు. ఆ అక్షరాలు కూడా టీవీకి తగ్గట్టు సరిచేసినవి కావు, అడ్డంగా సాగి బాగా మేసినట్టు లావుగా ఉన్నాయి. పేరు పెద్దగా కనబడాలని కాబోలు, బావ వాటిని ఎప్పటికంటే పెద్ద సైజులో పెట్టాడు.

కుమ్డాకోట్‌లో జనం ముందు కట్టిన పెద్ద తెర మీద అదే బొమ్మ ఆడింది. ముందు ఈలలు వేశారట, ఆ తర్వాత పెద్దవాళ్లు లేచి తిట్లు లంకించుకున్నారట. స్టూడియోలో ఫోన్లు ఒకటే మోత. మాయి రథమంటే వెక్కిరింతగా ఉందా, ఎవరు చేశారిది, పేరు చదివాం, ఆ మనిషిని బయటికి పంపండి. శ్యామ్‌ప్రసాద్ ఫోన్ కూడా వచ్చింది. అరుస్తాడని ఆమె సిద్ధంగా ఉంది. అరిచి ఉంటే బాగుండేది.

"చూసేనన్నావు కదే" అన్నాడు.

అంతే అని ఫోన్ పెట్టేశాడు.

మెట్ల మీద ధనధనమని అడుగులు. సేఠ్‌జీ కిందికి రావడం ఎప్పుడో గానీ జరగదు. గుమ్మంలో నిలబడి, "యే స్వర్ణ కౌన్ హై?" అని గద్దించాడు. ఎవరీ స్వర్ణ?

గదిలో ఉన్నది ఇద్దరే. మాడ ఆమె వైపు చూశాడు. సరిగ్గా ఈ గదిలో, సరిగ్గా ఈ మనిషి నోటి నుంచి ఈ ప్రశ్న వినాలని ఆమె ఎన్నిసార్లు కోరుకుందో లెక్కలేదు.

"మై హూఁ" అంది, నేనేనని.

సేఠ్‌జీ ఎగాదిగా చూశాడు. ఫోన్లెత్తే పిల్లకు మాయి రథం ఎవరు అప్పజెప్పారన్న కోపం అతని మొహంలోనే ఉంది.

చక్రాన్ని లాగి పాడుచేసింది బావ అని చెప్పొచ్చు. ఫైలు తెరిచి చూపించొచ్చు. మరి ప్రసారానికి వెళ్లేముందు నువ్వు చూడలేదా అంటే? సంచిలో డిస్కు ఉంది. అది బయటికి తీస్తే మంచి పని తనదని రుజువవుతుంది. మంచిదాన్ని చంకలో పెట్టుకుని చెడ్డదాన్ని ఊరి మీదికి వదిలిందని కూడా అదే రుజువు చేస్తుంది. తీయకపోతే, ప్రకటనలు అవగానే టైటిల్ మళ్లీ పడుతుంది. ప్రతి విరామం తర్వాతా పడుతూనే ఉంటుంది. బావ మీద ఎంత కసి ఉన్నా ఆ చక్రం మీద ఆమెకు ప్రేముంది. చెక్కపేళ్ల మీద కూర్చుని ఒక్కొక్క చీలా చూసి చేసుకున్న చక్రం. అది ఇంకోసారి అలా పడి లేవడం చూడలేననిపించింది. సంచిలో చెయ్యి పెట్టింది.

"మాడా, ఇది వెయ్యి. ఇందులో సరిగ్గా ఉంది."

సేఠ్‌జీ కనుబొమలు ముడిచాడు. ఇది నీ దగ్గర ఎప్పటి నుంచి ఉందని హిందీలో అడిగాడు. ఇప్పుడే చేశానని చెప్పొచ్చు. ఇవాళ్టికి ఒక అబద్ధం చాలనిపించింది.

"ముందు నుంచీ ఉంది."

"అంటే తెలిసే పోనిచ్చావు."

"అవును."

అతను తిట్టలేదు. ఆమె వైపు ఇక చూడను కూడా లేదు. మాడ వైపు తిరిగి, "నామ్ హటావో" అన్నాడు, పేరు తీసెయ్యమని. మెట్లెక్కుతూ, ఈమె రేపటి నుంచి రానక్కర్లేదని కూడా మాడకే చెప్పాడు. మాడ డిస్కు పెట్టాడు. పేరు తీసేశాడు. తీసేటప్పుడు ఒకసారి ఆగి ఆమె వైపు చూస్తే, కానీమన్నట్టు ఆమె తల ఊపింది.

ప్రకటనలు అయిపోయాయి. శంఖం మోగింది. ఎర్ర దుమ్ములోంచి చక్రం వచ్చింది, గుండ్రంగా, బరువుగా, బాడిశె దెబ్బలతో సహా. ఎక్కడా దిగబడలేదు. తెరంతా నిండి, తిరిగి, దాటిపోయింది. కింద పేరుండాల్సిన చోట దుమ్ము మాత్రం ఆడింది. స్వర్ణకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

సంచిలో ఫోన్ మోగింది. కన్నమ్మ. వెనక కాలనీ ఆడవాళ్ల గోల.

"ఒలే స్వర్ణా! ఇందాక నీ పేరు పడ్డాదే, తెలుగులో పడ్డాది, ఆ పైన రథమేమో కుంటుకుంటా వచ్చింది. అందరూ నవ్వేరే, నాకు తల కొట్టేసినట్టయిపోయింది. ఇప్పుడు మళ్లీ ఏసేరు చూడు, ఎంత బాగా తిరిగిందో! చూస్తే దండం ఎట్టాలనిపించింది. ఇందాకటిది నువ్వు చేసేవు సరే, మరి ఇదెవులు చేసేరే?"